మూడో నీళ్లు

ముప్పై ఒకటో నమూనా.
గొట్టం మీద అంతే రాయాలి, పేరు రాయకూడదు.
కానీ వేలిముద్ర తీసుకున్నది నేనే.
ఆవిడ బొటనవేలు సిరాలో ఒత్తినప్పుడు
చేప పొలుసొకటి నీలంగా ఊడి
అంగీకారపత్రానికి అతుక్కుపోయింది.

తెడ్డు కాసులమ్మ. పెద జాలారిపేట.
ముట్టు ఆగి పద్నాలుగేళ్లు.
పోయిన ఆషాఢంలో హార్బర్లో గంపెత్తుతుంటే
చీర తడిసింది.
"సముద్రం నీళ్లనుకున్నానమ్మా.
ఎర్రగుంటే అప్పుడు సూసినాను."

ఆపరేషన్ ముందు రోజు, కేజీహెచ్ మెట్ల మీద కూర్చుని
అడిగింది:
"గుడ్లసంచి ఎప్పుడో ఎండిపోనాదని
డాక్టరమ్మే సెప్పినాది.
ఎండిపోన గెడ్డలో ఈ నీరెక్కడిది?"

నాలుగేళ్లుగా నా థీసిస్ అడుగుతున్నదీ అదే,
రెండొందల పేజీలు తీసుకుని.

చెప్పబోయాను.
నెత్తుట్లో ఒక సరుకు తిరుగుతుంటుంది,
సల్ఫేటు కట్టిన ఈస్ట్రోన్.
దానంతటది ఏమీ చెయ్యదు, ఊరికే నిలవుంటుంది.
గర్భసంచి గోడలో పెరిగిన ఈ కణితి
దాన్ని లోపలికి లాక్కుని, కట్టు విప్పేసి...

"ఉప్పుసేప," అందావిడ.

ఆగిపోయాను.

"ఉప్పేసి ఎండబెట్టినంతసేపూ సచ్చినట్టే ఉంటాది.
నీళ్లల్లో నానెట్టు. ఉప్పొగ్గేసి
మెత్తబడి మల్లీ కూరకొచ్చేత్తాది.
నా లోపల ఎవుత్తో కుండెట్టి
నానేత్తన్నాదన్నమాట."

ఆ కుండకి స్టెరాయిడ్ సల్ఫటేజ్ అని
మేం పెట్టుకున్న పేరు
నోటిదాకా వచ్చి సిగ్గుపడింది.

"నా ముక్క ఎక్కడెడతావు?"
మైనస్ ఎనభైలో.
"ఐసులోనా? ఎన్నాళ్లు?
మా బోటు ఐసయితే పదిరోజులు."

ఎన్నాళ్లో నాకూ తెలీదు.
హుద్‌హుద్ వచ్చినప్పుడు
నా ముందరి స్కాలర్ ఫ్రీజరు ఐదు రోజులు చచ్చిపడి ఉందిట.
నలభై మంది ఆడవాళ్లు
గులాబీరంగు నీళ్లయి ట్రేలోంచి కారారట.
అందుకే రేవులో మూడో నంబరు ఎగరేశారంటే
అందరూ సముద్రం కేసి చూస్తారు,
నేను జనరేటర్ డీజిలు చూసుకుంటాను.

బఠాణీ గింజంత ముక్క.
నూరి, వడకట్టి, యంత్రానికిచ్చాను.
ఈస్ట్రోన్‌ని ఎగదోసి ఈస్ట్రడయాల్ చేసే చెయ్యొకటి,
దాన్ని మళ్లీ చల్లార్చే చెయ్యి ఇంకొకటి.
ముప్పై ఒకటిలో చల్లార్చే చెయ్యి
దాదాపు కదలనే లేదు.
దొరికిందనుకుని ఆ రాత్రి బీచిరోడ్డంతా నడిచాను.
తెల్లారి పదకొండో నమూనా తీస్తే
అంతా తలకిందులు.
"ముప్పై మందితో ఏం తేలదు, ఇంకా కావాలి"
అన్నారు మా గైడు సువర్చలగారు.
ఇంకా కావాలి అంటే
ఇంకా ఎన్ని చీరలు తడవాలో
ఆవిడా అనలేదు, నేనూ లెక్కెయ్యలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఎండుచేపల వరసలో
గొంతు ముందు వినబడింది.
ఎవరితోనో పదిరూపాయల దగ్గర గొడవ.
బక్కచిక్కింది, గంప మాత్రం నిండుగా ఉంది.
"నా ముక్కేటి సెప్పినాదమ్మా?"
సగమే చెప్పిందన్నాను.
"సగమేటి, దానికీ బేరమేనా?" అని నవ్వి
నాలుగు ఉప్పు కానాగంతలు కాగితంలో చుట్టి
నా సంచిలో పడేసింది.
డబ్బిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు.
ఇంటావిడ ముక్కు మూసుకుని కిటికీలు వేసేసింది.
మొదటి నీళ్లు తెల్లగా, చిక్కగా.
రెండో నీళ్లలో పొలుసులు తేలాయి.
ల్యాబులోనూ కణాల్ని మూడుసార్లే కడుగుతాం.
మూడో నీళ్లు పారబొయ్యబోతూ
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను.

ఇంకా ఉప్పుంది.
గిన్నె నింపి మళ్లీ పెట్టాను.